జాడీలో నాలుగు రోజులు

ఇది ముందే రాయాల్సింది. నాకు అక్షరాలు రాక రాయలేదు. అ నుంచి ఓ దాకా ఇరవై ఎనిమిదో ఏటనే వచ్చాయి. ఆ తర్వాతి ఔ నేర్చుకున్నది మాత్రం యాభై తొమ్మిదో ఏట, మా పాస్టరుగారి భార్య దగ్గర. మధ్యలో ముప్పై ఏళ్ళు ఓ దగ్గరే ఆగిపోయాను. ఎందుకు ఆగావని అడిగినవాళ్ళకు, మా ఆయన మళ్ళీ తాగుడులో పడ్డాడు, పలక పగిలింది అని చెప్పేదాన్ని. అందరూ తల ఊపేవాళ్ళు. నేను కూడా అదే నమ్మాను.

ఆ పలక మా ఆయన చీరాలలో కొన్నాడు. ఆయన పేరు నేను నోటితో ఎప్పుడూ అనలేదు. మా వైపు మొగుడి పేరు అనము. క్రిస్మస్ రోజున ఆయన చర్చిలో లేచి నిలబడి, ఇక సారా ముట్టనని అందరి ముందూ చెప్పాడు. అన్నమాట మీద నాలుగు నెలలు నిలబడ్డాడు. అయిదో తరగతి దాకా చదివినవాడు కాబట్టి నాకు చదువు చెబుతానన్నాడు. నేను మిరప కళ్ళంలో తొడిమలు తీసి ఇంటికి వచ్చేసరికి చేతులు నిప్పుల్లా మండుతూ ఉండేవి. మజ్జిగతో కడిగించి, కొబ్బరినూనె రాయించి, అప్పుడు పలక నా ఒళ్ళో పెట్టేవాడు. ఆ చేతులతో కళ్ళు తుడుచుకుంటానేమోనని, నాకు ఏడుపు వస్తే తనే తన తువ్వాలుతో తుడిచేవాడు. ఏడుపు ఎందుకంటే ఋ నాకు ఎంతకీ తిరిగేది కాదు.

ఈస్టరు ఆదివారం నాడు ఆయన మళ్ళీ తాగాడు. చర్చి నుంచి తిన్నగా సారా దుకాణానికి వెళ్ళి, పొద్దు వాలాక వచ్చి గడపలో కూలబడ్డాడు.

"మత్తు నీ గిన్నెలోనే ఉందే" అన్నాడు. "బల్ల దగ్గర ఇచ్చారే, నువ్వు కాచిన రసం, అందులోనే ఉంది. అది నాలిక మీద పడ్డాక నేను ఆగలేకపోయాను."

చెంప మీద కొట్టాను. ప్రభువు బల్ల మీద నింద వేసే నోరు పుచ్చిపోతుందన్నాను. అంతటితో ఊరుకోలేదు. సంఘపెద్దల దగ్గరకు నడిచి వెళ్ళి నేనే చెప్పాను. నా ముందే వాళ్ళు ఆయన పేరు సంఘం రిజిస్టరులో కొట్టేశారు. బల్లకు రాకూడదన్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత, బల్లకు దూరంగానే ఆయన పోయాడు. కడుపు ఉబ్బి మంచం మీద ఉన్నప్పుడు ఒక్కసారి అన్నాడు, "నేను ఆ రోజు అబద్ధం చెప్పలేదే" అని. నేను గంజి కలుపుతున్నాను. వినిపించనట్టు కలుపుతూనే ఉన్నాను.

ఆ రసం సంగతి కూడా చెప్పాలి. మా చర్చిలో నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం ఇస్తారు, దాన్నే బల్ల అంటాం. దానికి రొట్టె పాస్టరుగారింట్లో చేస్తారు. రసం కాచేది నేను. పెళ్ళయి వచ్చిన రెండో ఏడు మా అత్తగారి చేతి నుంచి నా చేతికి వచ్చింది ఆ పని. గింజలున్న నల్ల ఎండుద్రాక్ష ముందు రోజు నానబెట్టి, రోట్లో గింజలతో సహా దంచి, చక్కెర వేసి కాచి, తెల్లగుడ్డలో వడకట్టాలి. కాచేటప్పుడు పాట పాడాలి గానీ కబుర్లు చెప్పకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, రుచి చూడకూడదు. మా తాతలు గుళ్ళో నైవేద్యం పెట్టే రోజుల్లో దేవుడికి ఎంగిలి పెట్టేవాళ్ళు కాదు. దేవుణ్ణి మార్చుకున్నా ఆ భయం మాత్రం మాతోనే వచ్చింది. మా అత్తగారు గరిటె అంటిన వేలిని కూడా నాకనిచ్చేది కాదు. నలభై ఏళ్ళ పాటు ఆ రసం నేను ముందుగా నాలుక మీద పెట్టలేదు.

కళ్ళంలో మాత్రం నా బతుకంతా నాలుకతోనే. కాయ విరిచి వాసన చూసి, తొక్క కొరికి ఉమ్మేసి, మొదటి కోతా రెండో కోతా, ఎండలో ఎండిందా మంచులో తడిసిందా, తూకం కోసం నీళ్ళు చల్లారా అన్నది చెబుతాను. ఇప్పుడు తొడిమలు తీసే పని మానేసి అదొక్కటే చేస్తున్నాను. మా షావుకారు బస్తా విప్పగానే నన్ను పిలుస్తారు.

ఆ షావుకారుగారి చిన్నమ్మాయి కిందటి మార్చిలో వచ్చింది. బెంగళూరు దగ్గర ఏదో ద్రాక్షతోటల కంపెనీలో పనిచేస్తుందని తెలుసు గానీ ఏం పనో తెలియదు. శుక్రవారం కళ్ళంలోకి వచ్చి నా పక్కన గోనెపట్టా మీద కూర్చుంది. ఘాటుకు దగ్గుతూనే అడిగింది.

"పెద్దమ్మా, మీరు కాయ కొరికి ఏ ఊరి నేలో చెబుతారటగా?"

"ఊరు చెప్పలేనమ్మా. ఎన్నో కోతో చెబుతాను. ఎవరు మోసం చేశారో చెబుతాను."

"అది చాలు. రేపు మధ్యాహ్నం మా వసారాలోకి రండి. మూడు సీసాలు తెచ్చాను. వాటి రుచి మీ నోటితో చెప్పాలి."

"ఏం సీసాలు?"

"ఎర్ర వైను."

నేను లేచి నిలబడ్డాను. "తప్పమ్మా. నేను బల్లకు రసం కాచే మనిషిని. ఆ వాసన కూడా నాకు పడదు."

"మింగొద్దు పెద్దమ్మా. నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేయండి. నా ఉద్యోగమే అది. రోజుకి ముప్పై రకాలు నోట్లో పోసుకుంటాను. ఒక్క చుక్క మింగను."

అంత చదువు చదివిన పిల్ల, లారీల కొద్దీ మిరప విదేశాలకు పంపే తండ్రికి కూతురు, ఉమ్మడం ఉద్యోగమంటోంది. పక్కన రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న మా తోటికోడలు పకపకా నవ్వింది. మా ఆయన అన్నగారి భార్య ఆమె, నాకంటే ఆరేళ్ళు పెద్ద.

"ఓసి నా తల్లో! ఉమ్మితే జీతం ఇస్తారా? అట్టయితే మా మామ మేడలు కట్టాల్సింది. కిళ్ళీ నమిలి ఊరంతా ఉమ్మి పోయాడు."

ఆ అమ్మాయి కూడా నవ్వి అసలు సంగతి చెప్పింది. సీసా మీద అంటించే కాగితంలో లోపలి రుచి ఎలా ఉంటుందో రాయాలట. వాళ్ళ కంపెనీలో రాసేవన్నీ మనం కంటితో చూడని పండ్ల పేర్లట. మన నేల మీద పుట్టిన నాలుకకు అది ఎలా తగులుతుందో ఆమెకు కావాలి.

"దీనికి పోకుండా ఉండొద్దే" అంది మా తోటికోడలు నాతో. "నేనూ వస్తా, తోడు."

రోజూ కాయ కొరికి ఉమ్మడం లేదా, ఇదీ అంతే కదా అనుకున్నాను. మింగకపోతే నియమం తప్పినట్టు కాదనుకున్నాను. కుతూహలం కూడా ఉంది. లేదని రాస్తే అబద్ధం.

శనివారం పొద్దున్నే ఎండుద్రాక్ష నానబెట్టాను. మర్నాడు మొదటి ఆదివారం, బల్ల ఉంది. కారం తినకుండా రమ్మంది కాబట్టి పెరుగన్నం తిని ఇద్దరం వెళ్ళాం. వసారాలో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి ఉంది. దాని మీద పొడుగు కాడల గాజు గ్లాసులు. బోర్లించిన బుడ్డ మిరపకాయకు తొడిమ ఉన్నట్టున్నాయి. పక్కన ఉమ్మడానికి ఒక స్టీలు బకెట్టు. తెల్లగుడ్డ చూడగానే నాకు చర్చిలో బల్ల గుర్తొచ్చింది.

మూడు సీసాలూ ఒకే రకం ద్రాక్షవట. పేరు టానా. రాయడం టన్నాట్ అని రాస్తారట. ఆ అమ్మాయి ఫోనులో బొమ్మ చూపించింది. నల్లటి చిన్న పండ్లు, గుత్తి ఒత్తుగా ఉంది.

"తొక్క మందం, గింజలు ఎక్కువ. వగరంతా ఆ తొక్కలో, గింజల్లో ఉంటుంది. ద్రాక్షలన్నిట్లో ఇంత వగరున్నది అరుదు. పుట్టిల్లు ఫ్రాన్సులో కొండల పక్కన. అక్కడి నుంచి సముద్రాలు దాటి ఉరుగ్వే అనే చిన్న దేశానికి వెళ్ళింది. అక్కడే బాగా పేరు తెచ్చుకుంది. మేం మొన్న మొన్న నాలుగు వరసలు వేశాం."

"ఎక్కడెక్కడో తిరిగి మన వసారాకొచ్చి పడింది" అంది మా తోటికోడలు.

మొదటిది వాళ్ళ తోటది, కొత్తది. గ్లాసు వంచితే అల్లనేరేడు పిండినట్టు నల్లగా ఉండి, అంచు దగ్గర మాత్రం ఊదారంగు. నోట్లో పోసుకున్నాను. ఆ మరుక్షణం నాకు ఏమైందో అర్థం కాలేదు. నాలుక, చిగుళ్ళు, బుగ్గల లోపల తడంతా ఎవరో గుడ్డ పెట్టి తుడిచేసినట్టయింది. నలభై ఏళ్ళుగా నేను కారం మనిషిని. కారం నోరు తెరిపిస్తుంది, కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు బయటికి తెస్తుంది. ఇది నోరు మూయించింది. ఉమ్మేశాక కూడా పెదవులు పళ్ళకు అంటుకుని రాలేదు.

"ఏమనిపించింది పెద్దమ్మా?"

"కరక్కాయ" అన్నాను నోరు కూడదీసుకుని. "దగ్గొస్తే మా అమ్మ బుగ్గన పెట్టేది. పచ్చి అరటికాయ కొరికినట్టు. చివర్న పొగాకు కాల్చే బ్యారన్ తలుపు తీసినట్టు వాసన."

ఆ అమ్మాయి గబగబా రాసుకుంది.

"ఇంత వగరు ఉందంటే చెడిపోయినట్టేగా?" అన్నాను.

"అయ్యో, దీనికి వగరే అందం. అది లేకపోతే దీన్ని ఎవరూ అడగరు."

నేను ఆ మాటకు తెల్లబోయాను. మా ఇళ్ళలో వగరంటే వదలగొట్టాల్సింది. అరటిపువ్వు మజ్జిగలో నానబెట్టేది అందుకే. వగరు పిందె తింటే పిల్లల చేతి మీద ఒకటి వేస్తాం. ఆ వగరు కోసమే సముద్రాలు దాటించి, తోటలు పెంచి, సీసాల్లో దాచి, గాజు గ్లాసుల్లో పోసుకుని మెచ్చుకునేవాళ్ళు ఉన్నారంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ రెండోసారి నోట్లో పోసుకున్నప్పుడు, వగరు తర్వాత నోరు మెల్లగా మళ్ళీ ఊరడం తెలిసింది. ఆ ఊరే నీళ్ళలో తీపి ఉంది. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగినప్పటి తీపి అది. బాగుందనిపించింది. బాగుందనిపించినందుకు భయమేసింది.

రెండోది ఉరుగ్వేది. అది నెమ్మది మనిషి. నేరేడు బాగా మగ్గినట్టు, దానిమ్మ తొక్క ఎండబెట్టినట్టు, వాటి కింద తొలకరికి తడిసిన నల్లరేగడి వాసన.

"ఇది మొదటిదానికి మేనత్త" అన్నాను. "కోపం ఉంది గానీ మాట తీరు తెలుసు."

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టి నవ్వింది. "ఇది మాత్రం నేను కాగితం మీద వేయిస్తాను పెద్దమ్మా."

నేను బకెట్టులో ఉమ్మి పక్కకు చూశాను. మా తోటికోడలు గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకుంటోంది.

"అక్కా, ఉమ్మాలి!"

"ఎందుకూ, ఆ పిల్లంటే ఉద్యోగం. నాకేం జీతమిస్తున్నారా ఉమ్మేదానికి?"

మూడోది ఫ్రాన్సుది, పదేళ్ళు దాటినది. దాన్ని మేం రాకముందే వెడల్పు మూతి గాజు కూజాలో పోసి ఉంచింది. గాలి తగిలితే ముడుచుకున్నది విచ్చుకుంటుందట. కానీ అది గుంటూరు మార్చి. ఎండ వసారాలోకి జరిగి కూజా మీద పడింది. ఆ అమ్మాయి నాలుక కరుచుకుని, వేడెక్కిపోయింది, వాసన పైకి ఎక్కువ కొడుతుంది అంటూనే పోసింది.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

ఎండుద్రాక్ష. ఉడికిన ఎండుద్రాక్ష. దాని వెనక తడి గోనె, పాత చెక్కపెట్టె. వాటన్నిటి పైన సన్నగా, ముక్కులో గుచ్చుకునే వేడి వాసన ఒకటి. అది నాకు తెలుసు. సారా వాసన కాదు, సారా వాసన నాకు బాగా తెలుసు. ఇది వేరు. దీన్ని నేను ఒకే ఒక్కసారి, చాలా దగ్గరగా ముక్కు పెట్టి చూశాను. ఎక్కడో గుర్తు రాలేదు. గుర్తు చేసుకుందామని నోటి నిండా తీసుకున్నాను.

మా తోటికోడలు అప్పటికే తన గ్లాసు సగం తాగేసింది. తల పక్కకు వంచి చప్పరించింది.

"ఏమే, ఇది మన ఈస్టరు రసంలా లేదూ?"

నోట్లో వైను ఉంది. నేను మాట్లాడలేను. కళ్ళతో అడిగాను.

"అదేనే, నువ్వు నా మీద అలిగి బల్లకు రాలేదు చూడు, ఆ ఈస్టరు. గొంతులో దిగుతుంటే వెచ్చగా ఉండింది. ముసలాళ్ళు ఇంకో చుక్క పోయమని చేతులు చాపారు. ఎంత నవ్వుకున్నామో!"

నేను మింగేశాను. మింగాలని మింగలేదు. గొంతే మింగేసింది. ఆ వేడి ఛాతీలోకి దిగుతుంటే ఆ జాడీ నా కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది.

ఆ ఏడు పవిత్ర గురువారం నాడు బల్ల ఇవ్వాలి. నేను బుధవారమే రసం కాచి ఊరగాయ జాడీలో పోసి, పాత పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి, గుడ్డ కట్టాను. ఆ రాత్రి పాస్టరుగారికి జ్వరం వచ్చి బల్ల ఈస్టరుకు మార్చారు. రసం నాలుగు రోజులు వంటింటి మూల ఉండిపోయింది. ఏప్రిలు నెల, రేకుల ఇల్లు. ఆదివారం పొద్దున చూస్తే గుడ్డ పొంగి ఉంది. విప్పితే నురగ. గరిటెతో నురగ తీసి పారబోశాను. ముక్కు పెట్టి చూశాను. అదిగో, ఈ వాసనే అప్పుడు వచ్చింది. మిరపకాయకు నీళ్ళు చల్లితే పసిగట్టే ఈ ముక్కు అప్పుడూ పసిగట్టింది, ఏదో తేడా ఉందని. కానీ ప్రార్థన చేసి మూత కట్టినది చెడిపోదని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే తెలిసిపోయేది. ఎంగిలి అవుతుందని వేసుకోలేదు. బల్ల దగ్గరైనా తాగేదాన్ని, కానీ ముందు రోజు కుళాయి దగ్గర మా తోటికోడలితో జుట్టూ జుట్టూ పట్టుకున్నాను. పగ మనసులో పెట్టుకుని బల్లకు వెళ్ళకూడదని వెనక వరసలోనే ఉండిపోయాను. ఆవిడ మాత్రం వెళ్ళింది. ఎలా వెళ్ళావని తర్వాత అడిగితే, "పగ నీది, నాకేం లేదు" అంది.

"అమ్మా" అన్నాను షావుకారుగారి అమ్మాయితో. "ఎండుద్రాక్ష గింజలతో దంచి, చక్కెర వేసి కాచిన రసం జాడీలో నాలుగు రోజులు పెడితే ఏమవుతుంది?"

"ఎండాకాలమా?"

"ఏప్రిలు."

"నురగ వచ్చిందా?"

"గుడ్డ పొంగింది. నురగ తీసేశాను."

ఆమె చప్పట్లు కొట్టినంత పనిచేసింది. "అయితే మీరు వైను చేశారు పెద్దమ్మా! నాకంటే ముందే! గింజలు దంచారు కాబట్టి వగరు కూడా దిగి ఉంటుంది. అందుకే ఇంత బాగా చెబుతున్నారు."

"అది మనిషికి ఎక్కుతుందా?"

"నాలుగు రోజులకు పెద్దగా ఎక్కదు. ఒక్క గుక్కయితే అసలు తెలియదు, కొంచెం వెచ్చగా అనిపిస్తుందంతే." ఆమె గ్లాసు తుడుస్తూ మామూలుగానే అంది, "తాగి మానేసినవాళ్ళకు మాత్రం ఆ గుక్క కూడా అక్కర్లేదు. వాసన చాలు. మా దగ్గర అలాంటివాళ్ళను ఈ పనిలో పెట్టుకోము."

నేను కుర్చీ పట్టుకున్నాను. వసారా తిరగలేదు, నాకు ఎక్కలేదు. నా చేయి మాత్రం మండుతోంది. మిరపకాయ ముట్టని రోజు అది. ముప్పై అయిదేళ్ళ కిందట ఆయన చెంప మీద కొట్టిన చేయి.

ఇంటికి నడుస్తుంటే మా తోటికోడలు మొదట ఏవో కబుర్లు చెబుతూనే ఉంది. సగం దారిలో ఆగిపోయింది. ఆవిడకూ లెక్క కుదిరినట్టుంది.

"ఒసేయ్" అంది నెమ్మదిగా. "మా మరిది ఆ రోజేగా మళ్ళీ..."

"ఆ రోజే."

"నీతో ఏమన్నా అన్నాడా?"

"గిన్నెలోనే ఉందన్నాడు. కొట్టాను."

ఆవిడ రోడ్డు పక్కన పత్తి చేను గట్టు మీద కూర్చుండిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అది తీసేసి నన్ను కసురుకుంది. "నేను తాగాను గదే. వెచ్చగా ఉందని నాకు తెలుసు గదే. ఒక్క ముక్క నీతో అంటే పోయేది. ఆర్నెల్లు నువ్వు నాతో మాట్లాడితేగా! మూతి ముడుచుకుని తిరిగావు. మాటలు కలిసేసరికి ఎవరికి గుర్తుంటుంది రసం సంగతి?"

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ గుక్క పడకపోతే ఆయన ఎన్నటికీ తాగేవాడు కాదని నేను రాయను. అది ఎవరూ చెప్పలేరు. మేస్త్రీ కూలి ఎగ్గొట్టిన రోజో, ఇంట్లో ఎవరికో జబ్బు చేసిన రోజో మళ్ళీ పోయేవాడేమో. కానీ ఆ రోజు ఆయన నిజం చెప్పాడు. ఇంటి గడపలో కూర్చుని, తప్పు చేసిన మొహంతో, నాకు మాత్రమే చెప్పాడు. నేను దాన్ని తీసుకెళ్ళి నలుగురి ముందూ ఆయన మీదే పడేశాను.

"చచ్చిపోయినోడు. ఇప్పుడేం చేస్తావే?" అంది ఆవిడ.

లేచి ఇంటికి వెళ్ళి, నానుతున్న ద్రాక్ష నీళ్ళు మార్చాను.

మర్నాడు తెల్లవారకముందే లేచాను. ద్రాక్ష దంచి, కాచి, వడకట్టాను. పాట పాడలేదు. పొయ్యి మీద నుంచి దించాక ఒక చెంచా తీసుకుని, ఊది, నాలుక మీద వేసుకున్నాను. నలభై ఏళ్ళలో మొదటిసారి. తీపి, చివర్లో చిటికెడు వగరు, అంతే. మా అత్తగారు గోడ మీద ఫొటోలోంచి చూస్తున్నట్టనిపించింది. చూడనీ అని ఇంకో చెంచా కూడా తాగాను. గిన్నెకు మూత పెట్టి ఆరాధనకు గంట ముందే పాస్టరుగారింటికి వెళ్ళాను.

పాస్టరుగారు ముప్పై అయిదు దాటని మనిషి. ఆ ఈస్టరుకు ఆయన పుట్టనే లేదేమో. అంతా చెప్పాను. నిన్న మింగిన సంగతి కూడా చెప్పాను. ఆయన చేతిలో టీ చల్లారిపోయింది.

"అమ్మా, ఈ రోజు రసం..."

"ఇప్పుడే కాచింది. ఎంగిలి చేశాను. ఇక నుంచి ఎంగిలి చేసే తెస్తాను. వద్దంటే వేరేవాళ్ళకు అప్పగించండి. ముందు పాత రిజిస్టరు తీయండి."

"పేరు మళ్ళీ ఎక్కించాలంటే పెద్దలు కూర్చోవాలమ్మా."

"కొట్టేసిన రోజు ఎవరూ కూర్చోలేదయ్యా. నేను గుమ్మంలో నిలబడి చెబితే కొట్టేశారు. ఈ రోజూ చెప్పేది నేనే."

ఆయన భార్య, నాకు ఔ నేర్పిన మనిషి, లోపలికి వెళ్ళి బీరువాలోంచి పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోయి ఉంది. పాస్టరుగారు పేజీలు తిప్పుతూ, "పేరు చెప్పండి, వెతుకుతాను" అన్నారు. పేరు నా నోటికి రాలేదు. పుస్తకం నా వైపు తిప్పుకుని వేలు పెట్టి వెతికాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు పేజీలు. అయిదో పేజీలో ఉంది. పేరు మీద అడ్డంగా ఎర్రగీత. పక్కన చిన్న అక్షరాలతో ఏదో రాసి ఉంది. అది రాసినప్పుడు నేను ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఏం రాశారో ఆనాడు నాకు తెలియదు. ఇప్పుడు చదివాను.

'త్రాగుడు, బల్లను దూషించుట. భార్య సాక్ష్యమును బట్టి.'

రెండుసార్లు చదివాను. మొదటిసారి తప్పు చదివానేమోనని.

బయట మా తోటికోడలి గొంతు వినిపించింది. "ఏమే, రసం గిన్నె నేను పట్టుకుపోనా? జనం వస్తున్నారు."

"పట్టుకుపో అక్కా" అన్నాను.

పాస్టరుగారు తన పెన్ను నా ముందు పెట్టారు. ఆ గీత కింద ఖాళీ ఉన్నచోట, ఎప్పుడూ నోటితో అనని ఆ పేరు పూర్తిగా రాశాను. దాని పక్కన, 'ఆయన చెప్పినది నిజము, భార్య సాక్ష్యము' అని రాశాను. అక్షరాలు పెద్దవైపోయి కింది గీత మీద కూడా పడ్డాయి. గంట కొట్టడం మొదలైంది. పాస్టరుగారు పుస్తకం మూయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. సిరా ఆరేదాకా మూయనివ్వలేదు.